మసి పట్టిన అద్దం

పదకొండు దాటింది. చేతులకి మసి వాసన ఇంకా వదల్లేదు. మళ్లీ అదే గొడవ.

దుంగలు పేర్చి, అంటించి, మంట నిలబడిందని ఇలా తిరిగానో లేదో, ఈయన వచ్చి గదిని వెచ్చబెట్టే ఇనుప పొయ్యికి గాలి వెళ్లే దారులు రెండూ మూసేశారు. కిందదీ, పైదీ. కట్టెలు ఊరికే అయిపోతున్నాయట! పావుగంటలో మంట చచ్చి పొగ సుళ్లు తిరిగింది, పొయ్యి తలుపుకున్న అద్దం నల్లబడింది. పొద్దున తడి కాగితానికి బూడిద అద్ది అరగంట తోమిన అద్దం.

కట్టెలోని వేడిలో సగానికి పైగా ఆ పొగలోనే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పాలి? సుమారు 600 డిగ్రీల వేడి ఉండి, పైనుంచి కాస్త గాలి అందితే ఆ పొగ కూడా మండుతుంది. అందకపోతే వెళ్లి పొగగొట్టం గోడలకి తారులా పట్టుకుంటుంది. ఎప్పుడో ఆ తారు అంటుకుంటే? ఇలా అడిగితే "నీకన్నీ టెన్షన్లే" అంటారు.

చిన్నప్పుడు అమ్మమ్మ నాకు ఊదుగొట్టం ఇచ్చేది. బుగ్గలు నొప్పెట్టేలా మంట మీదే ఊదేదాన్ని. బూడిదంతా నా కళ్లలోకే. అమ్మమ్మ గొట్టం లాక్కుని, ఒంగి, కట్టెల అడుగుకి గురిపెట్టి మెల్లగా, పొడుగ్గా ఒక్క ఊపిరి వదిలేది. నిప్పు ముందు ఎర్రబడేది, ఆ తర్వాతే భగ్గుమనేది. "మంటకి కాదే, నిప్పుకి ఊదాలి." కట్టెకీ కట్టెకీ మధ్య వేలు పట్టేంత సందు కూడా ఉంచేది. మా పొయ్యికి ఆ ఊదే పని పొగగొట్టమే చేస్తుంది. వేడి గాలి తేలికై పైకి పోతుంటే కొత్త గాలి లోపలికి దూరుతుంది. గొట్టం చల్లగా ఉంటే మాత్రం మొండికేస్తుంది, ముందు ఓ కాగితం వెలిగించి దాన్ని వెచ్చబెట్టాలి.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోవాలి. మంట నిలబడ్డాక కింది దారి మూయడం తప్పేం కాదు. మొన్న నేను రెండూ బార్లా తెరిచి మర్చిపోతే పొయ్యి హోరెత్తింది, వేడంతా గొట్టంలోంచి ఆకాశానికి పోయింది, గది వెచ్చబడనే లేదు. ఇంకోటి. ఇవాళ దుంగల చివర్లలో బుస్సుమంటూ నీటి బుడగలొచ్చాయి. ఆరని కట్టెలు. తెచ్చి పెట్టింది నేనే. ఆ నీళ్లు ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చయి ఉంటుంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆయన పడుకున్నాక పై దారి వేలెడు తెరిచాను. మంట మళ్లీ లేచింది. నేల మీది చల్లగాలి పాదాలు రాసుకుంటూ పొయ్యి వైపు పోతోంది, ముఖానికి మాత్రం వెచ్చగా ఉంది. అద్దం పై అంచున నలుపు కొంచెం విరుగుతోంది. మిగతాది రేపు ఆయనే తోమాలి.