అరటి బోదెలు, ఎల్‌ఈడీ తెరలు

మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఆధునిక చిత్రకళా ప్రదర్శన జరిగినప్పుడల్లా సందర్శకుల నోట తప్పకుండా వినిపించే ప్రశ్న ‘‘దీని అర్థమేమిటి?’’ అన్నది. అదే ప్రాంతంలోని కన్వెన్షన్ హాళ్లలో వధూవరులు ఒకరి తల మీద మరొకరు జీలకర్ర, బెల్లం ముద్దను ఉంచే వేళ ఆ ప్రశ్న ఎవరికీ తోచదు. తమలపాకులో పెట్టిన ఆ ముద్ద, ఇద్దరి మధ్య పట్టిన అడ్డుతెర, నుదుట కట్టిన బాసికం, పసుపులో ముంచిన మధుపర్కాలు ఏ నైరూప్య చిత్రానికీ తీసిపోనంత గూఢమైనవే అయినా, గ్యాలరీలో అనుమానంగా చూసిన మనిషే ఇక్కడ చేతిలో అక్షతలు పట్టుకొని నిశ్చింతగా నిలబడతాడు. తానూ ఒక చెయ్యి వేస్తున్న పనిలో ఇమిడి ఉన్న ప్రతీకకు వివరణ అక్కరలేదనీ, అది దూరం నుంచి చూసే వస్తువుగా మారితేనే పక్కన చీటీ అంటించవలసి వస్తుందనీ నేను అనుకుంటాను. కొన్నేళ్లుగా మన నగరంలో ఘనంగా జరిగే పెళ్లిళ్లు ఆ రెండో దారి పట్టాయి.

అరటిపండు సంగతే తీసుకుందాం. ఇటలీ కళాకారుడు మౌరిజియో కట్టెలాన్ 2019లో మయామీ బీచ్‌లోని ఆర్ట్ బాసెల్ కళా ప్రదర్శనలో ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించి దానికి ‘కమెడియన్’ అని పేరు పెట్టాడు. దాని ప్రతుల్లో ఒకటి 2024 నవంబరులో న్యూయార్క్‌లోని సోదబీస్ వేలంలో, రుసుములతో కలిపి, 62 లక్షల డాలర్లు పలికింది. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ కొద్ది రోజులకే హాంకాంగ్‌లో విలేకరుల ముందు ఆ పండును తినేశాడు. ఆయనకు అందినది ఒక ధ్రువపత్రమూ, పండును ఎలా అంటించాలో, పాడైతే ఎలా మార్చాలో చెప్పే సూచనలూ కాబట్టి తిన్నంత మాత్రాన కళాఖండానికి నష్టమేమీ రాలేదు. మన పందిరి గుంజలకు కట్టే అరటి బోదెలకు ఇంత కథ లేదు. తల్లిచెట్టు పోయినా పిలకలు వేస్తూనే ఉంటుంది గనుక వంశం అలా వర్ధిల్లాలని దాన్ని కడతారు. ఆ సంగతి కట్టే కూలీకీ తెలుసు, కట్టించే ఇంటి యజమానికీ తెలుసు. అయితే ఖరీదైన హాళ్ల ద్వారాల దగ్గర ఈమధ్య ప్లాస్టిక్ అరటి చెట్లు కనిపిస్తున్నాయి. పిలక వేయని చెట్టును ఆ ద్వారానికి కట్టడంలోని వ్యంగ్యాన్ని కట్టెలాన్ చూసి ఉంటే అసూయపడేవాడేమో.

ఆ ద్వారాల దగ్గరే తొండమెత్తి స్వాగతం పలికే ఫైబర్ ఏనుగులూ ఉంటాయి. కళాకారిణి భారతి ఖేర్ 2006లో చేసిన ఆడ ఏనుగు కూడా ఫైబర్‌గ్లాస్‌దే. నిజమైన ఏనుగంత పరిమాణంలో నేల మీద కూలబడి ఉండే దాని ఒళ్లంతా ఆమె వేలాది బొట్టుబిళ్లలు అతికించింది. అది చనిపోతోందా, లేవబోతోందా అన్నది చూసేవారికి తేలదు. అద్దెకు తెచ్చిన మన ఏనుగులను మాత్రం రెండోసారి ఎవరూ చూడరు; వాటి పక్కన నిలబడి ఫోటో దిగుతారు, అంతే.

సెట్టింగుల విషయంలో తెలుగువారి ప్రతిభకు నేనెప్పుడూ ఆశ్చర్యపడుతూనే ఉంటాను. 2016 నవంబరులో, పెద్ద నోట్ల రద్దు జరిగిన కొద్ది రోజులకే, కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దనరెడ్డి కుమార్తె పెళ్లి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో విజయనగర వైభవాన్ని తలపించే సెట్ల మధ్య జరిగింది. తెరవగానే వీడియో ఆడే పెట్టె రూపంలో వచ్చిన దాని ఆహ్వానం గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ స్థాయిలో కాకపోయినా శంషాబాద్, మొయినాబాద్, కొంపల్లి వైపు హాళ్లలో ప్లైవుడ్, థర్మోకోల్ గోపురాలు వారానికొకటి లేస్తూ, తెల్లవారేసరికి లారీ ఎక్కుతూనే ఉన్నాయి. కట్టడంలోని నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ దేవుడు లేని గోపురం దేనికి ప్రతీక అని అడిగితే, అద్దెకు తప్ప మరి దేనికీ కాదనే చెప్పాలి.

నాకు ఎక్కువగా బాధ కలిగించేది ముహూర్తం విషయం. క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ రెండు మామూలు గోడ గడియారాలను ఒకదానికొకటి ఆనుకునేలా తగిలించి, ‘పర్ఫెక్ట్ లవర్స్’ అన్న పేరును సూచించాడు. రెండింటినీ ఒకే సమయానికి సరిచేసి మొదలుపెడతారు; బ్యాటరీలు నీరసించే కొద్దీ ఒకటి వెనుకబడుతుంది. తన సహచరుడు ఎయిడ్స్‌తో చనిపోతున్న రోజుల్లో ఆయన చేసిన పని ఇది. మన ముహూర్తం కూడా ఇద్దరి గడియారాలను ఒక నిమిషం దగ్గర కలపడమే. అప్పటి నుంచి ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఎవరి చేతిలోనూ లేదు గనుకనే ఆ ఒక్క నిమిషం కోసం పంచాంగం తిరగేస్తాం, గట్టిమేళం వాయించమంటాం. అలాంటి నిమిషం గడిచాక ఫోటోగ్రాఫర్ వచ్చి ‘‘సార్, మేడమ్, ఇంకోసారి పెట్టండి, ఫోకస్ కుదరలేదు’’ అంటే వధూవరులు నవ్వుతూ మళ్లీ పెడతారు. పురోహితుడు పక్కకు తిరుగుతాడు. రెండోసారి చేసింది ముహూర్తం కాదనీ, ముహూర్తం బొమ్మ అనీ అక్కడున్న అందరికీ తెలుసు. ఆల్బమ్‌లోకి మాత్రం అదే చేరుతుంది.

ఇక చీటీ అంటించే పనికి యాంకర్లు వచ్చారు. జీలకర్ర, బెల్లం కలిస్తే విద్యుత్తు పుట్టి బ్రహ్మరంధ్రం గుండా ప్రవహిస్తుందని మైకులో చెబుతుంటే, వేదిక పక్కన ఎల్‌ఈడీ తెర మీద అదే దృశ్యం పది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంటుంది. గ్యాలరీలో గోడ మీది వివరణ కనీసం నిశ్శబ్దంగా ఉంటుంది.

విచిత్రమేమిటంటే, మనం కర్మను ప్రదర్శనగా మార్చుకుంటుంటే, ఆధునిక కళ ప్రదర్శనను కర్మగా మార్చుకోవాలని చూసింది. గొంజాలెజ్-టోరెస్ 1991లో అదే సహచరుడి పేర సుమారు 79 కిలోల చాక్లెట్లను గది మూలన కుప్పగా పోశాడు. వచ్చినవారు తలా ఒకటి తీసుకుపోవచ్చు. చాక్లెట్టు నోట్లో వేసుకున్నవాడు ఇక ప్రేక్షకుడిగా మిగలడు. మరీనా అబ్రమోవిచ్, ఊలే అనే కళాకారుల జంట చైనా గోడ రెండు చివరల నుంచి నడిచి వచ్చి మధ్యలో పెళ్లి చేసుకోవాలని తలపెట్టారు. అనుమతులకే ఏళ్లు గడిచాయి, ఈలోగా బంధం తెగింది. అయినా 1988లో ఇద్దరూ 90 రోజులు నడిచి, కలుసుకొని, వీడ్కోలు చెప్పుకొని విడిపోయారు. సప్తపదికి తలకిందులైన రూపం లాంటి ఆ నడకను తలచుకున్నప్పుడల్లా, ఏడు అడుగుల్లో మనవాళ్లు ఎంత బరువు పెట్టారో నాకు తెలిసివస్తుంది.

అరుంధతీ దర్శనం మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మినుకుమనే ఆ చుక్క మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పట్టపగలు, ఏసీ హాలులో, ఫాల్స్ సీలింగ్ వైపు వేలు చూపి ‘‘కనిపించిందా?’’ అని పురోహితుడు అడుగుతాడు. కనిపించిందని ఇద్దరూ తల ఊపుతారు. వస్తువు కాక భావనే కళాఖండమయ్యే భావనాత్మక కళలో ఇంతకంటే శుద్ధమైనది నాకు తెలియదు. దీన్ని ఏ ఈవెంట్ మేనేజరూ అలంకరించలేకపోయాడు. పైకప్పు మీద లేజర్ చుక్క వేసే రోజు వస్తుందేమో, అది వేరే మాట.

పాతకాలపు పెళ్లిళ్లన్నీ నిరాడంబరంగా జరిగేవని నేను అనడం లేదు. ఐదు రోజుల పెళ్లిళ్లకు పొలాలు తాకట్టు పెట్టిన కుటుంబాలు మన పల్లెల్లో లెక్కలేనన్ని. ఆ ఖర్చు తిండికీ, బంధువుల మకాముకూ పోయేది; తంతు బొమ్మ మీదకు పోయేది కాదు. ఈ మాటే మా పెద్దమ్మ కొడుకుతో అన్నాను. ‘‘తెర లేకపోతే వెనక వరుసలోవాళ్లకు ఏం కనిపిస్తుందిరా?’’ అని అన్నయ్య అడిగాడు. నిజమే, ఏమీ కనిపించదు, ఎందుకంటే మండపం చుట్టూ కెమెరాల వాళ్ల వీపులు ఉంటాయి. కెమెరాలు తగ్గించమంటే ఆల్బమ్ ఏమవుతుందన్నాడు. పోనీ, పిలుపులు తగ్గించమన్నాను. ఆ మాటకు ఆయన చేసిన లెక్క నాకు బాగా అర్థమైంది: ఎంతమంది వచ్చారన్నదే ఆ రోజు వచ్చినవారందరూ వివరణ లేకుండా చదవగలిగిన ప్రతీక, దాన్ని ఒదులుకోవడానికి ఏ ఆడపిల్ల తండ్రీ సిద్ధంగా లేడు. మాఘమాసంలో జరగబోయే వాళ్లమ్మాయి పెళ్లికి కొంపల్లిలో హాలు మాట్లాడారు. తెరలు రెండు పెట్టిస్తున్నారట, ఒకటి భోజనాల దగ్గర.