గోధుమ బెల్టులో భాస్వరం లెక్కలు

గోధుమ పైరుకి భాస్వరం తక్కువైందని చూసి చెప్పడం కష్టం. నత్రజని తక్కువైతే పొలం పాలిపోతుంది, రోడ్డు మీద బండి ఆపకుండానే తెలిసిపోతుంది. భాస్వరం అలా కాదు. ఆకు ఇంకాస్త ముదురు రంగులో నిగనిగలాడుతూ, ఏ లోటూ లేనట్టే ఉంటుంది. కాకపోతే మొక్క గిడసబారుతుంది, పిలకలు సరిగా రావు, వెన్ను ఆలస్యంగా తీస్తుంది. పక్కనే ఎరువు బాగా అందిన పొలం చెక్క ఒకటి ఉంటే తప్ప తేడా కంటికి ఆనదు. ఆనేసరికి చేయడానికి ఏమీ మిగలదు. పిలకల సంగతి మొదటి కొద్ది వారాల్లోనే తేలిపోతుంది కదా. విత్తకముందే మట్టిని అడిగి తెలుసుకోవాలి. గోధుమ బెల్టు అని పిలిచే ఈ పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ ప్రాంతంలో నాలాంటి వాళ్ళకి జీతాలు వచ్చేది ఆ పని మీదే.

నేను పెర్త్‌లో ఒక మట్టి పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మాది పల్నాడు, మిరప పండిస్తాం. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసి, ఇక్కడే పనిలో పడ్డాను. ఉగాది ఫంక్షన్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "మట్టి టెస్ట్ చేస్తానండీ" అంటాను. "ఓహో, మైనింగా! మంచి జీతాలు" అంటారు. కాదు, పొలాల మట్టి అని చెప్పగానే "మరి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక ఫీల్డ్ మారతారా?" అనేది రెండో ప్రశ్న. ఐటీ, మైనింగ్, నర్సింగ్ కాక ఇంకో పనికి ఎవరైనా సముద్రం దాటి వస్తారంటే మనవాళ్ళకి నమ్మబుద్ధి కాదు.

జనవరి నుంచి మార్చి దాకా ల్యాబ్‌లో కన్నా బయటే ఎక్కువ ఉంటాం. కోతలైపోయి, మోళ్ళు నిలబడి, నేల ఎండిపోయి ఉండే ఎండాకాలం ఇక్కడ అది. పొద్దున్నే యూట్ అనే పికప్ బండిలో గోధుమ బెల్టు ఊళ్ళైన డాల్‌వాలినూ వైపో, మెరిడిన్ వైపో బయల్దేరతాం. పది గంటలకల్లా ఎండ నలభైకి దగ్గర పడుతుంది. ఎండైనా ఓర్చుకోవచ్చుగానీ ఈగల్ని ఓర్చుకోలేం. కళ్ళలోకి, ముక్కులోకి, మాట్లాడటానికి నోరు తెరిస్తే నోట్లోకి వస్తాయి. టోపీ మీంచి వల వేసుకుని తిరుగుతాం. నాతో పాటు ఒక ఫిలిప్పీన్స్ అబ్బాయి, సీజన్‌కి వచ్చిన ఐర్లండ్ పిల్లలు ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరికీ ఎండంటే ఏంటో మొదటి వారంలో మెడ వెనక చర్మం ఊడాక అర్థమవుతుంది. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్ళేముందు బూట్లకంటిన మట్టిని బ్రష్‌తో దులుపుకుంటాం, ఒకరి కలుపు విత్తనం ఇంకొకరికి మోసుకెళ్ళకూడదని.

పని చూడ్డానికి చాలా తేలిక. ఇనప గొట్టాన్ని పది సెంటీమీటర్ల లోతుకి దింపి, లోపలి మట్టిని బకెట్లో వేయడం, మళ్ళీ నడవడం, మళ్ళీ దింపడం. ఒక చెక్కలో ఇరవై ముప్ఫై చోట్ల తీసిందంతా కలిపితే ఒక నమూనా. కొత్తవాళ్ళకి నేను మొదట నేర్పేది మాత్రం గొట్టం దింపకూడని చోటు ఏదన్నది. పోయిన ఏడాది విత్తిన సాలు మోళ్ళని బట్టి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సాల్లో విత్తనంతో పాటే ఎరువు కూడా వేసి ఉంటారు. నత్రజని నీటితో పాటు కదులుతుంది. భాస్వరం వేసిన చోటే కూర్చుంటుంది, వారాల తరబడి ఉన్నా కొన్ని మిల్లీమీటర్లు దాటదు. కాబట్టి గొట్టం ఆ సాల్లో పడితే అంకె బ్రహ్మాండంగా వస్తుంది, రైతు ఎరువు తగ్గిస్తాడు, పైరు దెబ్బతింటుంది. అందుకే సాలుకీ సాలుకీ మధ్యలో తీయాలి. ఎయిర్ సీడర్ అనే విత్తే యంత్రం గింజ పక్కనే ఎరువు పెట్టేది కూడా ఈ కదలని గుణం వల్లే. భాస్వరం వేరు దగ్గరికి రాదు, వేరే వెతుక్కుంటూ దాని దగ్గరికి పోవాలి. లేత మొక్కకి అంత వేరు ఎక్కడిది?

ల్యాబ్‌కి వచ్చాక మట్టిని సన్నటి వేడిలో ఆరబెట్టి, దంచి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతాం. బాపట్లలో మేము చేసింది ఓల్సెన్ పద్ధతి: సోడియం బైకార్బొనేట్ ద్రావణం పోసి అరగంట ఊపి వడకట్టేవాళ్ళం. ఇక్కడ కాల్వెల్ పద్ధతి. ఆస్ట్రేలియాలోనే 1963లో వచ్చింది. ద్రావణం అదేగానీ, ఒక పాలు మట్టికి వంద పాళ్ళు పోసి పదహారు గంటలు తిప్పుతారు. సాయంత్రం మిషన్‌కి ఎక్కించి ఇంటికెళితే పొద్దునకి సిద్ధం. తర్వాత మాలిబ్డినం ఉన్న రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది, ఎంత నీలమైతే అంత భాస్వరం. దీని అంకెనీ ఓల్సెన్ అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఇది చెప్పకుండా ఇంటర్నెట్లో పట్టికలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ నేలకి ఇంత పరీక్ష ఎందుకంటే దాని వయసు అలాంటిది. గోధుమ బెల్టు కింద ఉన్న రాయికి రెండున్నర వందల కోట్ల ఏళ్ళు పైబడ్డాయి. భూమి వయసు లెక్కలో ఈమధ్య కాలంలో అగ్నిపర్వతాలు కొత్త మట్టి పోయలేదు, హిమానీనదాలు రాతిని అరగదీసి పరచలేదు. నత్రజనికైతే గాలి ఉంది. భాస్వరానికి రాయి తప్ప మరో దిక్కు లేదు. ఉన్నది కోట్ల ఏళ్ళ వానలకి కొట్టుకుపోయింది, మిగిలింది ఇనుముతోనూ అల్యూమినియంతోనూ ముడిపడి కూర్చుంది.

అయినా ఇక్కడి అడవిలో ఎనిమిది వేల దాకా మొక్కల జాతులున్నాయి. బ్యాంక్సియాలాంటివి బాటిల్ బ్రష్‌లా గుత్తులు గుత్తులుగా వేళ్ళు వేసి, వాటి నుంచి ఆమ్లాలు వదిలి, మట్టి పట్టుకున్న భాస్వరాన్ని ఊడబీకుతాయి. వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన హాన్స్ లాంబర్స్ గారు ఇక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేశారు, పుట్టింది నెదర్లాండ్స్‌లో. అంటే ఆయనా మనలాగే వలస వచ్చినాయనే. ఆకుల్లోని కొవ్వుల్లో భాస్వరం వాడాల్సిన చోట ఈ చెట్లు వేరే కొవ్వులతో ఎలా సరిపెట్టుకుంటాయో ఆయన బృందం చూపించింది.

అలా కరువులో బతకడం నేర్చిన చెట్టుకి విందు పెడితే ఏమవుతుందో మా బావ ఇంట్లో చూశాను. కొత్తగా ఇల్లు కట్టుకుని ముందు వైపు గ్రెవిల్లియాలనే స్థానిక పూలపొదలు, రెండు బ్యాంక్సియాలు పెట్టాడు. వెనక పెరట్లో కరివేపాకు, గోంగూర, మునగ. వెనక వాటికి వేసిన కోళ్ళ ఎరువే ముందు వాటికీ దండిగా వేశాడు. కొన్ని వారాలకి బ్యాంక్సియా ముదురాకులు అంచుల నుంచి కాలినట్టు అయ్యాయి. "బలం చాలట్లేదేమో, ఇంకో బస్తా వేయనా?" అని ఫోన్ చేశాడు.

"వద్దు బావా, తినలేక చస్తున్నాయి అవి."

"మొక్క తినలేక చావడమేంట్రా!"

నర్సరీల్లో స్థానిక మొక్కల కోసమని భాస్వరం తక్కువగా ఉండే ఎరువు విడిగా అమ్ముతారు. బావ కూడా ఆ బస్తా చూశాడట, ధర ఎక్కువని వదిలేశాడు. రెండు బ్యాంక్సియాలూ పోయాయి. గోంగూర మాత్రం నడుం ఎత్తు పెరిగింది.

ఇంకో రకం ఫోన్లు సెప్టెంబరులో వస్తాయి. చలి పూర్తిగా పోకముందే మొక్కజొన్న పెట్టేస్తారు మనవాళ్ళు. లేత మొక్క కింది ఆకులు ఊదా రంగుకి తిరుగుతాయి, వాట్సాప్‌లో నాకు ఫోటో వస్తుంది. పుస్తకాల్లో భాస్వర లోపానికి వేసే బొమ్మ అచ్చం ఇదే. ఫోటో పంపిన వాళ్ళ తప్పేం లేదు. ఉన్న కాస్త భాస్వరాన్నీ మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుకుంటుంది కాబట్టి కింది ఆకులే ముందు రంగు మారతాయి. కాకపోతే మట్టి చల్లగా ఉంటే వేరు సాగదు, భాస్వరం ఉన్నా అందదు. ఎండలు ముదిరాక చాలావరకు అదే సర్దుకుంటుంది. చలికాలంలో పసుపెక్కే కరివేపాకు సంగతి వేరు. దానికి ఎక్కువగా చలే కారణం, దయచేసి నత్రజని, భాస్వరం కలిసిన డీఏపీ ఎరువు వేయకండి.

గోధుమ రైతుల దగ్గరికి వద్దాం. వీళ్ళ తాతలు సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు లేకుండా ఇక్కడ గింజ పండించలేకపోయారు. ఈ సూపర్‌కి కావాల్సిన భాస్వరపు రాయి ఎక్కువగా నౌరు, క్రిస్మస్ దీవుల నుంచి వచ్చింది. నౌరు అనే చిన్న దీవి మధ్యభాగమంతా తవ్వి, మొనదేలిన రాతి స్తంభాలు మిగిల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం 1989లో ఆస్ట్రేలియాని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగింది. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. మెరిడిన్ దగ్గర గొట్టం దింపి నేను తీసే పిడికెడు మట్టిలో ఆ దీవి ముక్క కూడా కొంత ఉంటుంది. నీలం రంగు తేలేటప్పుడు ఈ మాట ఎప్పుడైనా గుర్తొస్తుంది.

ఒకప్పుడు ఇక్కడి ప్రభుత్వం కూడా సూపర్ మీద సబ్సిడీ ఇచ్చింది, విమానాల్లోంచి చల్లిన రోజులు కూడా ఉన్నాయి. ఆ వేసిందంతా ఏళ్ళ తరబడి పోగుపడి, ఇవాళ చాలా చెక్కల్లో కాల్వెల్ అంకె అవసరం కన్నా ఎక్కువే వస్తోంది. అయినా పైరు ఆకలితో ఉన్న చోట్లున్నాయి. అడుగున మట్టి పులిసి ఆమ్లం ఎక్కువైతే అల్యూమినియం కరిగి వేరు కొసల్ని మాడ్చేస్తుంది. వేరు మొండిగా మిగిలిపోతే పక్కనున్న భాస్వరం కూడా అందదు. అక్కడ వేయాల్సింది సున్నం. ఈ మాట రిపోర్టులో రాస్తే ఒక పెద్దాయన మా ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. "మా నాన్న సూపర్ వేశాడు, నేనూ వేశాను, ఇప్పుడు నువ్వొచ్చి సున్నం అంటున్నావు" అన్నాడు. కోపంగా కాదు, నిష్ఠూరంగా. గొంతు మార్చి తెలుగులో అంటే అచ్చం మా నాన్నే.

మా నాన్న మిరపకి ఎకరానికి రెండు కట్టల డీఏపీ వేస్తాడు, అదీ దుక్కిలోనే. పైన కాంప్లెక్స్ ఎరువులు వేరే. ఒకసారి ఇక్కడి సూపర్ బస్తా ఫోటో పంపితే "తొమ్మిది శాతమేనా! మన సూపర్‌లో పదహారుంటది" అని నవ్వాడు. ఇక్కడ బస్తా మీద రాసేది ఉత్త భాస్వరం. మనదగ్గర రాసేది భాస్వరం ఆక్సిజన్‌తో కలిసిన ఆక్సైడ్ లెక్క, దాన్ని 2.29తో భాగించాలి. అలా చూస్తే మన పదహారు ఇక్కడి ఏడుతో సమానం. డీఏపీలో 46 అంటే నికరంగా ఇరవై. యాభై కిలోల కట్టలో పది కిలోల భాస్వరం. ఇక్కడ గోధుమకి ఒక హెక్టారు మొత్తానికి వేసేది సాధారణంగా అంతే, చాలాచోట్ల ఇంకా తక్కువే. అంటే రెండున్నర ఎకరాలకి ఒక కట్ట. వానాధారపు గోధుమనీ నీరు పెట్టిన మిరపనీ ఒకే గాట కట్టకూడదని నాకూ తెలుసు. అయినా ఎకరానికి రెండు కట్టలు ఎక్కువే.

మన నల్లరేగడిలో చిక్కు ఇక్కడికి ఎదురుగా ఉంటుంది. అక్కడ భాస్వరాన్ని సున్నం పట్టేసుకుంటుంది. వేసినదాంట్లో కొంతే పైరుకి అందుతుంది, మిగతాది ఏటేటా నేలలో పోగవుతుంది. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కకి జింక్ అందదు. అప్పుడు రైతు జింక్ కొంటాడు. రెండూ అమ్మేది ఒకే కొట్టు.

మా చేను మట్టిని నేనే ఇక్కడికి తెప్పించి చూద్దామనుకున్నాను. క్వారంటైన్ నిబంధనలుంటాయి, పర్మిట్ లేకుండా చారెడు మట్టి కూడా దేశంలోకి రానివ్వరు. అందుకని వీడియో కాల్లో ఎలా తీయాలో చెప్పి, నాన్న చేత తీయించి, మా దగ్గరి ల్యాబ్‌కే ఇప్పించాను. భాస్వరం ఎక్కువ, జింక్ తక్కువ అని వచ్చింది. ఒక ఏడాది డీఏపీ మొత్తం మానేసి చూడమన్నాను.

"నీకేం, అక్కడ కూర్చుని చెబుతావు. కాపు తగ్గితే ఎవరిస్తారు?"

"తగ్గితే నేనిస్తా నాన్నా."

"నువ్విచ్చేదేంట్రా! కొట్టు ఆయన ఏమనుకుంటాడు?"

చివరికి రెండెకరాల్లో ఒక ఎకరానికి అలవాటుగా రెండు కట్టలు, ఇంకో ఎకరానికి అర కట్ట, జింక్ రెండిటికీ అని బేరం కుదిరింది. అర కట్ట ఎకరం రోడ్డు వైపు ఉండకూడదన్నది నాన్న పెట్టిన షరతు.