పిల్లికి కూడా డబ్బులిస్తారా?

అమెరికా నుంచి సంక్రాంతికి ఊరొచ్చిన మూడో రోజు మా మేనత్త అరుగు మీద కూర్చుని అరటికాయల చెక్కు తీస్తూ అడిగింది. "అయితే అమ్మాయ్, అక్కడ నువ్వు గేదెల డాక్టరువా, కుక్కల డాక్టరువా?"

"ఇంకా డాక్టర్ని కాదత్తా. డాక్టరు పక్కన ఉంటాను. కుక్కలకీ పిల్లులకీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే చోట."

అత్త చేతిలో చాకు ఆగిపోయింది. "ఫ్యామిలీ ప్లానింగా? పిల్లులకా?"

వంటింట్లోంచి మా అమ్మ నవ్వు వినిపించింది. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఇలాంటి మాట దాగదు. సాయంత్రానికి కొబ్బరి వలిచే మనిషి కూడా నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు.

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని గేదెలకి చూడి పరీక్షలు చేశాను. ఊళ్ళోవాళ్ళు "డాక్టరమ్మ గారూ" అనేవారు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి వెళ్ళాక ఆ పిలుపు పోయింది. మన డిగ్రీకి అక్కడ నేరుగా లైసెన్సు ఇవ్వరు. బయటి దేశాల్లో చదివిన పశువుల డాక్టర్లకి ఈసీఎఫ్‌వీజీ అని ఒక దారి ఉంది. ఇంగ్లీషు పరీక్ష, రాత పరీక్ష, ఆ తర్వాత చేత్తో చేసి చూపించాల్సిన పరీక్ష. ఈ చివరిదాంట్లో ఏడు భాగాలు: మత్తు ఇవ్వడం, ఆపరేషన్, గుర్రాలు, ఎక్స్‌రే, పోస్టుమార్టం... గుర్రాన్ని నేను అంతకు ముందు పెళ్ళి ఊరేగింపుల్లో తప్ప దగ్గరగా చూసింది తక్కువ. వీటికితోడు అక్కడివాళ్ళందరూ రాసే లైసెన్సు పరీక్ష ఉండనే ఉంది. ఫీజులు తల్చుకుంటే టెన్షన్. అందుకని వర్క్ పర్మిట్ రాగానే దొరికిన ఉద్యోగంలో చేరాను. తక్కువ ధరకి ఆపరేషన్లు చేసే ఒక క్లినిక్‌లో సహాయకురాలిని.

పొద్దున్న ఆరున్నరకే పార్కింగులో కార్లు బారులు తీరి ఉంటాయి. ఒకరి ఒళ్ళో దుప్పట్లో చుట్టిన కుక్కపిల్ల, ఇంకొకరి వెనక సీట్లో నాలుగు బోనుల్లో వీధి పిల్లులు. చీకట్లో ఉంటే బెదరవని బోను మీద పాత దుప్పటి కప్పుతారు. బరువు చూడటం, మత్తు పడ్డాక పొట్ట గొరగడం, మందుతో కడగడం, కళ్ళు ఎండిపోకుండా ఆయింట్‌మెంటు రాయడం, మెలకువ వచ్చేదాకా వెచ్చగా ఉంచడం నా పని. ఇక తువ్వాళ్ళు ఉతకడానికైతే అంతే లేదు. మా డాక్టరు చెయ్యి పడితే ఆడపిల్లి ఆపరేషన్ పది నిమిషాలు కూడా పట్టదు. కోత మన చిటికెన వేలి గోరంత. అయిపోయాక కోత పక్కన ఆకుపచ్చ సిరాతో చిన్న గీత పొడుస్తారు, ఇంకెవరూ మళ్ళీ పొట్ట కోయకుండా. వీధి పిల్లికైతే ఎడమ చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. దూరం నుంచి చూసినా తెలియాలి కదా, దీనికి అయిపోయిందని.

అర్ధరాత్రి దాటాక తిండి పెట్టొద్దని ఫోన్‌లో ముందే చెబుతాం. అయినా రోజుకి ఒకరిద్దరు పెట్టేసి వస్తారు. పెట్టలేదని అబద్ధం ఆడేవాళ్ళూ ఉంటారు. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని పెట్టామని చెప్పినవాళ్ళని తిప్పి పంపేస్తాం, పని మానుకుని రెండు బస్సులు మారి వచ్చినా సరే. అలా పంపాల్సి వచ్చినప్పుడు కౌంటరు దగ్గర ఉండటం నాకిష్టం ఉండదు.

అదే ఆపరేషన్‌కి మామూలు ప్రైవేటు ఆసుపత్రుల్లో వందల డాలర్లవుతుంది. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది ఫుడ్ స్టాంపుల మీద, అంటే పేదవాళ్ళకి తిండికని ప్రభుత్వం ఇచ్చే సాయం మీద బతికేవాళ్ళు. ఆ కార్డు చూపిస్తే కొందరికి పైసా ఖర్చుండదు. మిగతాది గ్రాంటు భరిస్తుంది. మధ్యాహ్నాలు ఆ గ్రాంటు కాగితాలు కూడా నా మీదే పడ్డాయి: ఏ పిన్‌కోడ్ నుంచి వచ్చారు, ఏ కార్డు చూపించారు, ఆడా మగా, ఎంతయింది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ కాగితం వెనక్కొస్తుంది.

ఇదంతా ఎవరో పుణ్యాత్ములు ఇస్తున్న డబ్బని మొదట్లో అనుకున్నాను. కాదు. మేరీల్యాండ్‌లో 2013లో చట్టం చేశారు. అక్కడ అమ్మే కుక్కల, పిల్లుల తిండిలో ప్రతి రకాన్నీ కంపెనీలు వ్యవసాయ శాఖ దగ్గర ఏటా రిజిస్టరు చేయించుకోవాలి. దాని మీద అదనపు రుసుం వేశారు. మొదట 50 డాలర్లు, తర్వాత 75, ఆపైన 100. ఆ నిధిలోంచి కౌంటీలకీ (మన జిల్లాల్లాంటివి) జంతు సంక్షేమ సంస్థలకీ గ్రాంట్లిస్తారు. ఊరికే ఇవ్వరు, పోటీ పడాలి. ఎక్కడ ఎక్కువ జంతువులు షెల్టర్లకి, అంటే దిక్కులేని జంతువుల్ని ఉంచే చోట్లకి చేరి చచ్చిపోతున్నాయో లెక్కలతో చూపించాలి. న్యూజెర్సీలో ఇలాంటి పథకానికి 1983లోనే చట్టం చేశారు. ఆపరేషన్ కాని కుక్కకి లైసెన్సు ఫీజు కొంచెం ఎక్కువ తీసుకుని, ఆ డబ్బు ఇందులో వేస్తారు. టెక్సస్‌లో కారుకి ప్రత్యేకమైన నంబరు ప్లేటు కొనుక్కుంటే అందులో కొంత ఇటు పోతుంది. పుట్టాక షెల్టర్లో పెట్టి మేపి, ఎవరూ తీసుకెళ్ళకపోతే సూది వేసి చంపడం కంటే పుట్టకుండా చూడటం చవక. జాలి ఉంటే ఉండొచ్చు గానీ, చట్టం నిలబడింది ఈ లెక్క మీదే అని నాకనిపిస్తుంది.

అత్తకి ఇదంతా చెప్పాను. విని, పెరట్లో బోర్లించి ఉన్న రాగి బిందె వైపు చాకు చూపించింది.

"అదెలా వచ్చిందో తెలుసా? మీ చిన్న బావ పుట్టాక క్యాంపుకి తీసుకెళ్ళారు. జీపులో కుక్కుకుని వెళ్ళాం. స్కూలు వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టారు. లేచాక చేతిలో డబ్బులు పెట్టారు. దాంతో కొన్నాను."

కాసేపాగి, "మగాళ్ళది చిన్న ఆపరేషనంట కదే. మీ మావయ్య చేయించుకోవచ్చుగా? అబ్బే, బలం తగ్గిపోద్దంట. చెట్లెక్కాలంట. ఆయన ఎప్పుడెక్కాడు చెట్టు?" అంది.

నాకు నవ్వాగలేదు. మా క్లినిక్‌లోనూ ఇదే వరస. మగకుక్కకి చేయిద్దామంటే కొందరు మగవాళ్ళు అదేదో తమకే చేస్తున్నట్టు మొహం పెడతారు. ఆడకుక్క అయితే ఏ సంకోచమూ లేకుండా తెచ్చి అప్పజెబుతారు. నిజానికి పొట్ట కోయాల్సింది దానికే.

"మాకిచ్చారంటే మనుషులం. పిల్లికి కూడా డబ్బులిస్తారా?" అంది అత్త.

"పిల్లికి కాదత్తా, పెంచుకునేవాళ్ళ తరఫున క్లినిక్‌కి."

"మరి ఎవరూ పెంచుకోకపోతే?"

అక్కడే చిక్కు. నేను నింపే ఫారంలో మొదటి గడి యజమాని పేరు. మన కాలువ గట్టు మీద తిరిగే కుక్కకి ఆ గడిలో ఏం రాస్తాం? పొద్దున్న టీ కొట్టు దగ్గర బిస్కెట్టు, మధ్యాహ్నం చేపల బజార్లో పేగులు, రాత్రి మా ఇంటి వెనక గంజి. మొన్న కనుమనాడు ఏ ఇంటి ముందు చూసినా ఎముకలే, వాటి చుట్టూ కుక్కలే. అది అందరిదీ, ఎవరిదీ కాదు. మనకీ చట్టం లేకపోలేదు. 2001లో నిబంధనలొచ్చాయి, 2023లో కొత్తవి వచ్చాయి. పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థది. అంటే మా ఊరికి పంచాయతీ. వీధి దీపం మాడిపోతే మార్చడానికే నెల తీసుకునే పంచాయతీ ఆపరేషన్ థియేటరు ఎక్కడినుంచి తెస్తుంది? పోనీ, పిల్లల్ని కరిచినప్పుడు సూది మందుకి అయ్యే ఖర్చయినా ఎవరైనా ఒకచోట రాసి కూడారా? మేరీల్యాండ్‌లో గ్రాంటు కావాలంటే ముందు ఇలాంటి లెక్కలే చూపించాలి.

పిల్లుల సంగతి మనకి అసలు లెక్కలోకే రాదు. మా చిన్నప్పుడు అత్తవాళ్ళ అటక మీద పిల్లి ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనేది. కళ్ళు తెరిచాక పిల్లల్ని గోనెసంచిలో వేసి కాలువ అవతల చేపల బజారు దగ్గర వదిలి రావడం నా పని. వంతెన మీద సంచి లోపల కదులుతూ ఉండేది. వెటర్నరీ చదివిన అయిదేళ్ళలో ఈ విషయం ఒక్క స్నేహితురాలికి కూడా చెప్పలేదు నేను.

ఆ పిల్లి మనవరాలో మునిమనవరాలో ఇప్పుడూ అత్త గడపలోనే పడుకుని ఉంది. దాని పొట్ట తడిమి చూశాను. ఖాళీగానే ఉంది.

"చేయించేద్దామా?" అన్నాను.

"నీ ఇష్టం. రాగి బిందె ఇస్తారా దానికి?"

అమలాపురంలో పని చేసే నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. రాత్రి పన్నెండు తర్వాత ఏమీ పెట్టొద్దని అత్తకి రెండుసార్లు చెప్పాను. తెల్లారాక వెదురు తట్టలో పిల్లిని పెట్టి, పైన ఇంకో తట్ట బోర్లించి, తాడు కట్టి ఆటోలో బయల్దేరాం. కాలువ వంతెన దాటుతుంటే తట్టలోంచి ఒకటే అరుపు. నేను తట్ట మీద అత్త పాత చీర కప్పాను. ఆసుపత్రిలో మా వాడు అలవాటుగా అడిగాడు. "ఏం పెట్టలేదు కదండీ?"

"లేదు బాబూ" అంది అత్త. నా వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసి, "తెల్లారగట్ల ఒకటే ఏడుపు. కాసిని పాలు పోశాను. పాలే కదా, అన్నం కాదుగా" అంది.

మంగళవారం రమ్మన్నాడు. నా ఫ్లైటు ఆదివారం.