నా వేళ్లు ఇంట్లో తలుపులో పడ్డాయని రాశారు

2022 జనవరి. సంక్రాంతికి ఊరికి పోయి వచ్చి నాలుగు రోజులైంది. హైదరాబాద్ బాలానగర్‌లో మా షెడ్‌లో పవర్ ప్రెస్ మీద బ్రాకెట్లు కొడుతున్నాను. షీటు ముక్క డైలో, అంటే అచ్చులో పెట్టడం, చెయ్యి తీయడం, పెడల్ తొక్కడం. రోజుకు కొన్ని వేలసార్లు చేసే పని కాబట్టి చెయ్యి దానంతటదే కదులుతుంది. ఆ రోజు కాలు ఒక్కసారే తొక్కింది, ప్రెస్ మాత్రం రెండుసార్లు దిగింది. క్లచ్ స్ప్రింగ్ వదులైతే అట్లా డబుల్ కొడుతుంది. అప్పటికి వారం నుంచి చెబుతూనే ఉన్నాం.

మొదట నొప్పి తెలియలేదు. గ్లౌజులో వేడిగా ఏదో నిండినట్టనిపించింది, అంతే. కుడి చేతి చూపుడు వేలు రెండు కణుపుల దాకా, మధ్య వేలు ఒక కణుపు పోయాయి.

మా సేఠ్ బామ్మర్ది నన్ను కారులో వేసుకుని దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. క్యాజువాలిటీలో ఎట్లా జరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "ఇంట్ల తలుపు సందుల పడ్డది సార్" అన్నాడు ఆయన. కేస్ షీటులో అదే రాసుకున్నారు. నేను విన్నాను, మాట్లాడలేదు. రక్తం చూసి కళ్లు తిరుగుతున్నాయి, పైగా బిల్లు కట్టేది వాళ్లే. ఆ ఒక్క లైను నన్ను ఏడాదిన్నర తిప్పింది.

తెల్లారి డ్రెస్సింగ్ చేయడానికి వచ్చిన నర్సమ్మ దూదితో తుడుస్తూ తుడుస్తూ ఆగింది. దూది నల్లగా వచ్చింది. "ఏం తలుపు అన్నా ఇది? గ్రీజు పూసి ఉందా మీ ఇంటి తలుపుకు?" అంది. అప్పుడు చెప్పాను. ఆమె డాక్టరును పిలిస్తే ఆయన నా మాట మళ్లీ విని, పని చేసే చోట పవర్ ప్రెస్‌లో నలిగిందని పేషెంట్ చెబుతున్నాడని, గాయంలో గ్రీజు, ఇనుప రజను ఉన్నాయని రాశాడు. ఆ రెండో కాగితమే లేకపోతే ఇవాళ ఇది రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆస్పత్రి బిల్లు 85,000 అయితే సేఠ్ కట్టాడు. అబద్ధం చెప్పను, ఆ విషయంలో వెనకాడలేదు. తర్వాత మూడు నెలల్లో ఇంటి ఖర్చులకని 20,000 దాకా ఇచ్చాడు. నాలుగో నెలలో స్టాంపు పేపరు పట్టుకొచ్చాడు. అరవై వేలిస్తాను, ఇక నాకు ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టమన్నాడు. అరవై వేలంటే అప్పట్లో నాకు చాలా పెద్ద మొత్తం. చిట్టీ రెండు నెలలు ఆగిపోయింది, నా భార్య గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఎడమ చేత్తో సంతకం పెట్టడం అప్పుడే నేర్చుకుంటున్నాను, ఆ పేపరు మీదే మొదటి సంతకం పడేదేమో.

ఆపింది మా గల్లీ పెద్దాయన. ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, యూనియన్ పనులు బాగా తెలిసిన మనిషి. "సంతకం పెట్టకు బిడ్డా. పెట్టినా అది చెల్లదు గానీ, మళ్ల దాని కోసం కూడా కొట్లాడాలె" అన్నాడు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడి చేత రాయించుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదట. రాజీ పడ్డా ఆ ఒప్పందాన్ని ఇట్లాంటి కేసులు వినే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాల్సిందేనట.

"నీకు ఈఎస్ఐ కార్డు ఉన్నదా?" అన్నది ఆయన అడిగిన రెండో మాట. లేదు. మా షెడ్‌లో ఏడుగురమే. ఈఎస్ఐ అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, పది మంది ఉంటేనే అది మాకు వర్తించేది. జీడిమెట్లలో మా తోడల్లుడికి కార్డుంది. కిందటేడు పనిలో కాలు విరిగితే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది, పనికి పోని రోజులకు జీతంలో 90 శాతం వచ్చింది. ఆ కార్డు ఉన్నవాళ్లకు దారి అదే. లేనివాళ్లకు అప్పట్లో 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం. 2010 దాకా దాని పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్. షెడ్లలో ఇప్పటికీ డబ్ల్యూసీ అనే అంటారు.

మా సేఠ్ దగ్గర డబ్ల్యూసీ పాలసీ ఉన్న సంగతి మా సెట్టర్ అన్న, అంటే ప్రెస్‌కు డైలు బిగించే ఆయన చెప్పాడు. మా మీద ప్రేమతో తీసుకున్నది కాదులెండి. ఒక పెద్ద కంపెనీ ఆర్డర్ ఇవ్వాలంటే పాలసీ కాపీ పెట్టమంది, అందుకని తీసుకున్నాడు. మరి పాలసీ ఉండగా ఎందుకు దాచాడు? నాకు చాలా రోజులు అర్థం కాలేదు. లాయరు పాలసీ కాపీ తెప్పించి చూపించాకే తెలిసింది. అందులో నాకు రాసిన జీతం నెలకు 9,000. ప్రీమియం జీతాల మొత్తాన్ని బట్టి ఉంటుంది మరి. నేను తీసుకుంటున్నది 17,500. తొమ్మిది వేలు బ్యాంకులో, మిగతాది చేతికి.

ఇది ఎందుకు ముఖ్యమో లెక్కేసి చెబుతాను, లాయరు నాకు ఓ చీటీ వెనక వేసి చూపించినట్టే. నెల జీతంలో 60 శాతం తీసుకోవాలి. దాన్ని వయసుకు చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. నాకు 34 ఏళ్లు, ఆ వయసుకు 199.40. వచ్చిన దాంట్లో ఎంత శాతం సంపాదన శక్తి పోయిందో అంత మనది. ఏ వేలు ఎంతవరకు పోతే ఎంత శాతమో చట్టంలోనే పట్టిక ఉంది. చూపుడు వేలు రెండు కణుపులకు 11, మధ్య వేలు ఒక కణుపుకు 7. మొత్తం 18 శాతం. నేను అప్పటికే సదరం వికలాంగ సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాను, అదే కావాలనుకుని. ఆ శాతం వేరు, ఈ శాతం వేరు అని లాయరు నవ్వాడు.

జీతం తొమ్మిది వేలంటే నాకొచ్చేది 1,93,817. అదే పదిహేను వేలంటే 3,23,028. నా అసలు జీతం 17,500 అయినా లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం 15,000 మాత్రమే. 2020 జనవరికి ముందైతే అది 8,000 అట. అంటే అవే వేళ్లు మూడేళ్ల ముందు పోయి ఉంటే సగం డబ్బులే. వేళ్లకు ధర కట్టే పట్టిక చూసిన రోజు రాత్రి అన్నం సహించలేదు. నా భార్య మాత్రం ఆ చీటీ తీసుకుని రెండుసార్లు కూడి చూసి, "బొటనవేలుకు ముప్పై శాతమంట, అది పోలేదు నయం" అంది.

మరి జీతం రుజువెట్లా? దీనికి లాక్‌డౌన్‌కు దండం పెట్టుకోవాలి. 2020 దాకా ఆ మిగతా 8,500 కవర్లో పెట్టి ఇచ్చేవాడు. లాక్‌డౌన్ తర్వాత ఆయన భార్య నంబరు నుంచి ఫోన్‌పే చేయడం మొదలుపెట్టాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే ప్రతి నెలా 9,000 ఒకటి, 8,500 ఒకటి, రెండు మూడు రోజుల తేడాతో పక్కపక్కనే ఉన్నాయి.

ముందు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు పోయి మా ఏరియా కేసులు ఏ అధికారి వింటారో కనుక్కున్నాను. (ముఖ్యమంత్రి అయిన ఆ అంజయ్య గారు కూడా ఒకప్పుడు ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలి పని చేసినవారే.) అప్పటి చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. మేం జూన్‌లో వేశాం. లేబర్ డిపార్ట్‌మెంట్ అధికారే కమిషనర్‌గా కూర్చుని వింటారు. అది కోర్టు లాగే ఉంటుంది, కాకపోతే బల్ల కాస్త చిన్నది.

చట్టం ప్రకారం మూడు నెలల్లో తేలాలి. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. అందులో సగం ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు వాయిదాలే. ఆయన పట్టుకున్నవి రెండు. ఒకటి, కేస్ షీటులో తలుపు అని ఉందని. దానికి మాకు గ్రీజు కాగితం ఉంది. రెండోది నిజంగా టెన్షన్ పెట్టింది. ప్రెస్‌కు సేఫ్టీ గార్డ్ ఉండేదని, దాన్ని నేనే కావాలని తీసేశానని వాదించారు. ప్రాణం పోవడమో, పూర్తిగా పనికి రాకుండా పోవడమో అయితే ఈ వాదన నిలవదు. నాలాంటి కేసులో నిలుస్తుంది. గార్డ్ కావాలని తీసినట్టు తేలితే పైసా రాదు.

గార్డ్ తీసింది ఎప్పుడో. అది ఉంటే గంటకు ముక్కలు తక్కువ పడతాయని సేఠే తీయించాడు. కానీ ఎట్లా చూపించడం? అప్పుడు నా భార్య ఫోన్లో దసరా ఫొటోలు తీసింది. 2021 అక్టోబరు ఆయుధ పూజ. ప్రెస్‌కు బంతిపూల దండ, పసుపు, కుంకుమ, కింద పగలగొట్టిన గుమ్మడికాయ. దండ వేలాడుతున్న చోట గార్డ్ ఉండాలి. లేదు. పక్కనే కొత్త చొక్కా వేసుకుని సేఠ్ నవ్వుతూ నిలబడ్డాడు. ఫొటో ఆయనే షెడ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, తేదీతో సహా.

ఫొటో ఒక్కటీ చాలదు, మనిషి చెప్పాలన్నాడు లాయరు. సెట్టర్ అన్న వచ్చి చెప్పాడు. "సేఠ్ తీయమంటే నా చేతులతోనే తీసిన సార్" అన్నాడు, సేఠ్ ఎదురుగానే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్లు ఎంత తిప్పినా ఆ ఒక్క మాటే అన్నాడు.

2023 ఆగస్టులో ఆర్డర్ వచ్చింది. జీతం 15,000 గానే తీసుకున్నారు. ఆస్పత్రి బిల్లు మినహాయించాలని సేఠ్ లాయరు అడిగాడు. వైద్యానికి పెట్టింది పరిహారం కిందికి రాదని ఒప్పుకోలేదు. ఇంటి ఖర్చులకిచ్చిన 20,000 మాత్రం తీసేశారు, అది న్యాయమే. ప్రమాదం జరిగిన నెల రోజుల్లోపు కట్టనందుకు 12 శాతం వడ్డీ. పెనాల్టీ కూడా అడిగాం గానీ వేయలేదు. పాలసీలో రాసిన జీతం మేరకు ఇన్సూరెన్స్ కంపెనీ, మిగతాది సేఠ్ కట్టాలన్నారు. ప్రీమియంలో మిగిలించుకున్న కొన్ని వందలు ఆయనకు అట్లా తగిలాయి. హైకోర్టుకు పోతానన్నాడు. అప్పీలు చేయాలంటే ముందు మొత్తం డిపాజిట్ చేయాలని తెలిసి ఊరుకున్నాడు. అక్టోబరులో డబ్బు కమిషనర్ దగ్గర జమయ్యేసరికి మూడు లక్షల అరవై వేలు దాటింది. గాజులు విడిపించాం, చిట్టీ బాకీ కట్టాం, లాయరు ఫీజు ఇచ్చాం.

2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయింది. ఇంటి నుంచి పనికి వచ్చీపోయే దారిలో జరిగే ప్రమాదాలను కూడా అందులో చేర్చారు. నా కేసు నడిచింది మాత్రం పాతదాని కిందే.

నేనిప్పుడు చింతల్‌లో ఒక షెడ్‌లో క్వాలిటీ చెకింగ్ చేస్తున్నాను. చేరేటప్పుడు జీతమంతా బ్యాంకులోనే వేయమన్నాను. కొత్త యజమాని నా చెయ్యి చూసి, ఏమీ అడగకుండా సరేనన్నాడు.

సెట్టర్ అన్నను సాక్ష్యం చెప్పిన పది రోజులకే పనిలోంచి తీసేశారు. ఇరవై రెండేళ్లు చేసిన పని. డబ్బు వచ్చాక ఇరవై వేలు పట్టుకుని ఇంటికి పోతే వదిన టీ ఇచ్చింది, ఆయన డబ్బు ముట్టలేదు. ఇప్పుడు నర్సాపూర్ క్రాస్ రోడ్స్ నుంచి కూకట్‌పల్లి దాకా ఆటో నడుపుతున్నాడు. మొన్న దసరాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. ఆటోకు బంతిపూల దండ, ముందు చక్రం కింద నిమ్మకాయ. బ్రేకులు సరిగా ఉన్నాయా అన్నా అని రాశాను. "నిన్ననే ఏపిచ్చిన తమ్మీ, కొత్త లైనర్లు" అని వెంటనే జవాబు వచ్చింది.