కాలేజీ క్విజ్‌కి ప్రశ్నలు తయారుచేయడం: నా అనుభవం

మా కాలేజీ టెక్ ఫెస్ట్‌లో జనరల్ క్విజ్‌కి ఏటా హాలు నిండిపోతుంది. కారణం మరీ గొప్పదేం కాదు. ఆ టైమ్‌కి క్లాసులుండవు, హాల్లో ఏసీ ఉంటుంది. ఫైనలియర్‌లో ఆ క్విజ్ పెట్టే పని నాకు అప్పజెప్పారు.

క్లబ్‌లో ఒక పాత ప్రశ్నల ఫైల్ ఉంది, సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చింది. భాక్రా డ్యామ్ ఎత్తెంత? 226 మీటర్లు. ఈఫిల్ టవర్ ఏ ఏడాది పూర్తయింది? 1889. అన్నీ ఇవే. తెలిసినవాడు టక్కున చెబుతాడు, తెలియనివాడు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇంజనీరింగ్ పిల్లల ముందు ఇలాంటివి పెట్టడం నాకు నచ్చదు. రోజంతా లెక్కలు చేసేవాళ్లకి ఆలోచించి పట్టుకునే ప్రశ్న ఇవ్వాలి. క్విజ్ ఆడేవాళ్లు దాన్ని వర్కబుల్ అంటారు. సమాధానం ముందే తెలిసి ఉండక్కర్లేదు, తెలిసిన నాలుగు ముక్కలు కలిపితే దొరకాలి.

మూసీ వరద ప్రశ్న మీద ఎక్కువ టైమ్ పెట్టాను. 'మూసీకి పెద్ద వరద ఏ ఏడాది వచ్చింది' అని ఫైల్లో ఉంది. 1908. ఇందులో ఆలోచించడానికేముంది? కానీ ఆ వరద వెనక కథ పెద్దది. సెప్టెంబర్ 28న హైదరాబాద్ మునిగిపోయినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆయన చెప్పారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌నే గండిపేట చెరువంటారు. గండిపేట నీళ్లు తాగి పెరిగినవాళ్లు కూడా అది వరద ఆపడానికి కట్టిందంటే ఒక పట్టాన నమ్మరు.

చివరికి స్లైడ్ మీద చింతచెట్టు ఫొటో ఒక్కటే పెట్టి, కింద ఇలా రాశాను: 'హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలోని ఈ చెట్టుకీ, మన క్యాంపస్‌లో ఏటా సెప్టెంబర్ 15న జరిగే హడావుడికీ సంబంధం ఏమిటి?' ఆ రోజు విశ్వేశ్వరయ్య పుట్టినరోజు, దాన్నే ఇంజనీర్స్ డేగా జరుపుతారు. ఇంజనీర్స్ డే దగ్గర మొదలుపెట్టినా సమాధానం దొరుకుతుంది, వరద దగ్గర మొదలుపెట్టినా దొరుకుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట ప్రశ్నలు మాత్రం మొత్తం తీసేశాను. మాది గోదావరి జిల్లా. కాటన్ దొర గురించి ఇక్కడ అడిగితే అది క్విజ్ కాదు, అటెండెన్స్.

ప్రశ్నలు పోగేయడం కంటే సరిచూడటం పెద్ద పని. వాట్సాప్‌లో తిరిగే కథల్లో సగం నిలబడవు. 'నాసా కోట్లు తగలేసి అంతరిక్షంలో రాసే పెన్ను చేస్తే, రష్యా వాళ్లు పెన్సిల్‌తో సరిపెట్టుకున్నారు' అనే కథను ఒక జూనియర్ ఎంతో ఇష్టంగా తెచ్చాడు. అసలు సంగతి వేరు. ఆ పెన్ను పాల్ ఫిషర్ అనే వ్యాపారి సొంత ఖర్చుతో చేశాడు. అంతకుముందు అమెరికా వాళ్లూ పెన్సిళ్లే వాడారు, తర్వాత సోవియట్ వాళ్లు కూడా ఆ పెన్నే కొన్నారు. వాడి మొహం చిన్నబోయింది. అప్పుడే తట్టింది, కథ అబద్ధమైనా లోపల మంచి ప్రశ్న ఉంది కదా అని. 'అంతరిక్ష నౌకలో పెన్సిల్ వాడితే పరికరాలకు వచ్చే ప్రమాదం ఏమిటి?' ఆ 'పరికరాలకు' అన్న మాట కావాలనే పెట్టాను. ఎందుకో తర్వాత చెబుతాను.

అయ్యలసోమయాజుల లలిత గారి ప్రశ్న అమ్మాయిల టీమ్‌లకి బాగా నచ్చింది. 1943లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఎలక్ట్రికల్‌లో పట్టా తీసుకున్న తెలుగావిడ. దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిపాపతో ఉండి చదివారు. పట్టా మీద అచ్చులో 'అతడు' అనే ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'ఆమె' అని రాసిచ్చారు. ఆ పట్టా మీద ఏం దిద్దాల్సి వచ్చి ఉంటుందో ఊహించమన్నాను. హాల్లో సగం మంది పట్టేశారు.

హైదరాబాద్ పిల్లల కోసం ఇంకోటి పెట్టాను. రోజూ బస్సు బోర్డు మీద ఏఎస్ రావు నగర్ అని చదువుతారు కదా, ఎవరాయన? ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆ పక్కన ఇల్లున్నవాడికే తెలియలేదు.

ప్రిలిమ్స్ మామూలుగానే గడిచిపోయింది. పేపర్ ఇచ్చాం, దిద్దాం, మార్కులు సమానమైన చోట ముందే స్టార్ గుర్తు పెట్టిన ప్రశ్నలు ఎవరు ఎక్కువ చేశారో చూసి ఆరు టీమ్‌లను స్టేజీ మీదకి పిలిచాం.

ఫైనల్లో టెన్షన్ అంతా పౌన్స్ దగ్గరే. వంతు రాకముందే చీటీ రాసి ఇవ్వచ్చు. తప్పయితే మైనస్. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక మీద ప్రశ్న వేశాను. 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గర అది అనుకున్న ఎత్తు కంటే బాగా కిందికి, 57 కిలోమీటర్ల దాకా దిగిపోయి నాశనమైంది. మెషీన్ బాగానే ఉంది, కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి, మరి ఏం తప్పింది? ఫస్టియర్ పిల్లలు వెంటనే చీటీ ఎత్తారు: 'యూనిట్లు!' ఒకరి సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన లెక్కను ఇంకొకరు న్యూటన్-సెకన్లు అనుకున్నారు. తేడా దాదాపు 4.45 రెట్లు. ఎలా తట్టిందిరా అంటే, 'ల్యాబ్ రికార్డులో యూనిట్ రాయకపోతే మేడమ్ సగం మార్కులు కోస్తారన్నా' అన్నాడొకడు. హాలంతా నవ్వు.

పెన్సిల్ ప్రశ్న ఆఖర్లో వచ్చింది. ఎలక్ట్రికల్ టీమ్ చీటీలో 'గ్రాఫైట్ కండక్టర్, పొడి తేలుతూ వెళ్లి షార్ట్ సర్క్యూట్' అని ఉంది. పూర్తి మార్కులు. మెకానికల్ వాళ్లు 'మొన విరిగి కంట్లో పడుతుంది' అని రాశారు. అది కూడా నిజమైన ప్రమాదమే, కానీ నేను అడిగింది పరికరాల గురించి. మైనస్ వేశాను. ఆ ఒక్క మైనస్‌తో వాళ్లు మూడో స్థానానికి పడిపోయారు. స్టేజీ దిగాక చాలాసేపు వాదించారు, స్లైడ్ మళ్లీ పెట్టి చూపించాల్సి వచ్చింది.

ఇప్పటికీ మెస్‌లో ఎదురుపడితే వదలరు. 'అన్నా, కన్ను కూడా పరికరమే కదా' అంటారు.