మా ముగ్గురి గొంతుల్లో ‘ఫ్యానీ’

బీ జీస్ అనే పాత ఇంగ్లిష్ పాటల బృందం పేరు చెప్పగానే అందరికీ ‘స్టేయిన్ అలైవ్’ గుర్తొస్తుంది. నాకు మాత్రం వాళ్ళ పాటల్లో ప్రాణం ‘ఫ్యానీ (బీ టెండర్ విత్ మై లవ్)’. 1975లో వచ్చిన ‘మెయిన్ కోర్స్’ ఆల్బంలోది, మయామీలోని క్రైటీరియా స్టూడియోలో తీశారు. అదే ఆల్బంలోని ‘జైవ్ టాకిన్’ అమెరికాలో నంబర్ వన్ అయింది, ఇది 12 దగ్గరే ఆగింది. మన దగ్గర పాత ఇంగ్లిష్ పాటలు వినేవాళ్ళలో కూడా దీన్ని ఎరిగినవాళ్ళు తక్కువే. బీ జీస్‌లోని బ్యారీ, రాబిన్, మోరిస్ అనే ముగ్గురు అన్నదమ్ముల గొంతులు ఇంత అందంగా కలిసిన పాట నేను ఇంకోటి వినలేదు. మేమూ ముగ్గురు అన్నదమ్ములమే. దీన్ని పాడి రికార్డు చేయాల్సిందేనని పట్టుబట్టింది నేను. అన్నయ్య విజయవాడలో, నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో ఉంటాం.

అసలు ఎవరు ఏ స్వరం పాడుతున్నారో కనుక్కోవడమే పెద్ద పని. గొంతుని వాయిద్యాల నుంచి విడదీసే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటితో డ్రమ్స్, కీబోర్డ్ పక్కకి పోయాయి గానీ మూడు గొంతులూ ఒకే ముద్దగా మిగిలాయి. ఒకే ఇంటి గొంతులు, పైగా విడివిడిగా రికార్డు చేసి ట్రాక్ మీద ట్రాక్ పేర్చినవి. చివరికి హార్మోనియమే దిక్కయింది. పై గొంతు వినగానే చెవికి అందుతుంది. కింది గొంతు కాస్త ఓపిక పడితే దొరుకుతుంది. మధ్యది మాత్రం ఉందని తెలుస్తుంది, పట్టుకోబోతే జారిపోతుంది. ‘ఫ్యానీ’ అని పిలిచే చోట పాటని సగం వేగానికి తగ్గించి, పై స్వరం, కింది స్వరం నొక్కి పట్టి, మధ్యలో ఉన్నవి ఒక్కొక్కటే మోగించి చూశాను. సరైన స్వరం తగలగానే హార్మోనియం పాటలో కలిసిపోయి, విడిగా వినిపించడం మానేస్తుంది. అదే గుర్తు. అలా ముక్క ముక్కగా పాటంతా రాసుకున్నాను.

ఈ పనిలోనే మోరిస్ మీద గౌరవం పెరిగింది. లీడ్, అంటే ముఖ్య గొంతు, ఎక్కువగా బ్యారీదో రాబిన్‌దో ఉంటుంది. మోరిస్ ఎక్కువగా బేస్ గిటార్, కీబోర్డ్ వాయిస్తూ హార్మనీ, అంటే ముఖ్య గొంతుతో కలిసే వేరే స్వరం, పాడేవాడు. 2003లో పోయాడు. అలా కలిసిపోయే మధ్య గొంతు తీసేసి వింటే పాట ఎంత బోసిపోతుందో మా రికార్డింగ్‌లోనే తెలిసింది.

పై గొంతు తమ్ముడికి, కింది గొంతు అన్నయ్యకి, మధ్యది నాకు అనుకున్నాం. అన్నయ్య చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. స్వరం ఎక్కడ నిలిచినా గమకం దానంతటదే వచ్చేస్తుంది. “అన్నయ్యా, అక్కడ ఊపకు, తిన్నగా నిలబెట్టు” అని తమ్ముడు ఫోన్‌లో బతిమాలేవాడు. “నిలబెడితే ప్రాణం లేనట్టుంటుందిరా” అనేవాడు అన్నయ్య. మా ఇద్దరి ట్రాకులూ కలిపి వినిపించాక ఒప్పుకున్నాడు. ఒక గొంతు ఊగితే మిగతా రెండూ అపశ్రుతిలా వినిపిస్తాయి. అంత అనుభవమున్న మనిషి అలవాటు పక్కన పెట్టి తంబురా శ్రుతికి సాధన చేశాడు.

వీడియో కాల్‌లో కలిసి పాడటం కుదరదు, ఒకరి గొంతు ఇంకొకరికి ఆలస్యంగా చేరుతుంది. నేను కీబోర్డ్‌తో, తాళం చూపే క్లిక్ శబ్దం ఉన్న గైడ్ ట్రాక్ చేసి, అది వింటూ పాడమని పంపాను. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరింట్లో వాళ్ళు పాడాలి, మొదట్లో క్లిక్‌తో పాటు ఒక చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లని కంప్యూటర్లో ఒకే గీత మీదకి తెస్తే మూడు ట్రాకులూ కలుస్తాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే క్వాలిటీ పోతుంది, వేవ్ ఫైల్ డ్రైవ్‌లో పెట్టడమే మేలు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది చివర్లో శ్రుతి పైకి మారే చోటు. ఆ ఆలోచన హాల్ అండ్ ఓట్స్ అనే అమెరికన్ గాయకుల జంట పాటలు విని వచ్చిందని బీ జీస్ కీబోర్డ్ వాద్యకారుడు బ్లూ వీవర్ చెప్పాడు. అన్ని పొరల గొంతులు వేదిక మీద ముగ్గురు పాడటం సాధ్యం కాదు, అందుకే బీ జీస్ ఈ పాటని కచేరీల్లో పాడలేదు. మేం మొత్తం పాటని ఒక శ్రుతి దించి, ఆ చివరి భాగం తలా రెండుసార్లు పాడి పొరలు వేశాం. అయినా పై గొంతు అందక తమ్ముడు చాలా తిప్పలు పడ్డాడు. గట్టిగా తోయకుండా, గాలి తగ్గించి సన్నగా పాడటం మొదలుపెట్టాక దొంగగొంతు (ఫాల్సెటో) నిలబడింది.

పోయిన నెల అమ్మానాన్నలకి వినిపించాం. నాన్న కళ్ళు మూసుకుని విని, “మధ్యలో ఉన్నది నువ్వేనా?” అన్నారు. ఇప్పుడు బీ జీస్‌దే ‘రన్ టు మీ’ మొదలుపెట్టాం. 1972 నాటిది. అందులోనూ మధ్య గొంతు నాదే.