కిరసనాయిలు సొమ్ముతో కార్లు రాని రోడ్డు

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని అకేడియా నేషనల్ పార్కు చూద్దామని బార్ హార్బర్ ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ జేబుకి చిల్లే. పార్కులోకి కారు పాసుకి 35 డాలర్లు, కాడిలాక్ కొండ మీదికి కారులో వెళ్ళాలంటే విడిగా మరో 6 డాలర్లు, సైకిళ్ళ అద్దె సంగతి ఇక అడక్కండి. తీరా కొండెక్కితే సూర్యోదయం మబ్బుల్లో కలిసిపోయింది. ఆ రోజుని వదిలేద్దాం.

మర్నాడు విలేజ్ గ్రీన్ దగ్గర ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సెక్కి పర్సు తీయబోతే డ్రైవర్ నవ్వి వద్దన్నాడు. ఫ్రీ! ప్రభుత్వ సొమ్ముకి ఎల్.ఎల్.బీన్ అనే బట్టల కంపెనీ 2002 నుంచి ఇస్తున్న విరాళం తోడై నడుస్తోందట.

అసలు వింత క్యారేజ్ రోడ్లు, అంటే గుర్రబ్బళ్ళ బాటలు. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా సొంత ఖర్చుతో వేయించాడు. అకేడియా పార్కులో 45 మైళ్ళున్నాయి. కార్లు రాకూడదు. తండ్రిదేమో కిరసనాయిలు అమ్మిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, కొడుకు గుర్రబ్బళ్ళకి రోడ్లు వేశాడు! అంచున వరసగా పాతిన గ్రానైట్ రాళ్ళని ఇక్కడివాళ్ళు రాక్‌ఫెల్లర్ దంతాలంటారు. గరుకుగా, ఒకదానికొకటి పొంతన లేకుండా, సందుల్లో నాచుతో. నేను వాటికి ఫొటోలు తీస్తుంటే, లోయ చూడమని మా ఆయన గోల. వంతెన కిందికి దిగి వెతికినా దాత పేరు కనపడలేదు. మన గుళ్ళో ట్యూబ్‌లైట్ల మీద వెలుగు కన్నా దాత పేరే ఎక్కువ కదా!

ఆ ముచ్చట ఎంతోసేపు లేదు. జోర్డాన్ పాండ్ అనే చెరువు దాటి సైకిళ్ళ మీద దక్షిణానికి జారుతుంటే బోర్డు: ఇక ప్రైవేటు స్థలం, సైకిళ్ళు నిషిద్ధం. నడవచ్చు, గుర్రమెక్కి పోవచ్చు, సైకిల్ మాత్రం కూడదు. పార్కుకి ఇవ్వకుండా రాక్‌ఫెల్లర్లు అట్టేపెట్టుకున్న భాగమట. ఇప్పుడో స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉంది. అద్దె కట్టిన నాకు ఒళ్ళు మండింది.

"ఊరికే ఇచ్చినదానికి వంకలా?" అన్నాడు మా ఆయన.

వంకలు కాదు. ఏది అందరికీ ఇవ్వాలో, ఏది ఉంచుకోవాలో, ఎవరు దేనిమీద రావాలో అన్నీ ఆ ఒక్క కుటుంబమే తేల్చింది. పోనీ, ఇచ్చినది దానంతటదే నిలిచిందా? 1980ల నాటికి ఈ రోడ్లకి గడ్డి మొలిచింది, నీళ్ళు పోయే కాల్వలు పూడుకుపోయాయి. 1986లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ అకేడియా అనే సంఘం చందాలు పోగేసి మూలనిధి పెట్టింది. మరమ్మతులకి ప్రభుత్వమూ డబ్బిచ్చింది. మేం హాయిగా తొక్కుకుంటూ వచ్చిన రోడ్డు ఆ చందాల చలవే. నా దండం వాళ్ళకి.

ఎక్కుడంతా సైకిల్ తోసుకుంటూ ఇదే చెప్పాను మా ఆయనకి. "ముందు ఊపిరి పీల్చుకో" అన్నాడు.